రెండు డబ్బాల్లో గుప్పెడు బియ్యం

"ఆ డబ్బా ఈ ఆదివారం నుంచి పాత గుడికి పోదు" అన్నాడు మా ఆయన మార్క్, నేను బియ్యం కడగబోతుంటే. మా ఇళ్లలో ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం తీసి దేవుని డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా గుడికి, అంటే మా చర్చికి, తీసుకెళ్లి ఇస్తాం. ఇరవై ఏళ్లుగా నా చెయ్యి ఆ పని తనంతట తానే చేస్తోంది. ఆ పూట మాత్రం పిడికిలి బిగించుకుని నిలబడిపోయాను.

మాది ప్రెస్బిటేరియన్ సంఘం, అంటే పెద్దల మాట మీద నడిచేది. ఆడవాళ్లూ సంఘ పెద్దలు కావచ్చని పైన సినడు వాళ్లు, అంటే అన్ని సంఘాల మీదా ఉండే సభవాళ్లు, తీర్మానించారు. కుదరదు, స్త్రీ సంఘంలో మౌనంగా ఉండాలని బైబిల్లో వాక్యం ఉందంటూ సగం మంది బయటికొచ్చేశారు. వాళ్లలో మా ఆయనే ముందు. ఊరి చివర మిరపకాయల గోదాములో కొత్త ఆరాధన పెట్టారు. అక్కడ ప్రార్థన కంటే దగ్గులే ఎక్కువ వినపడతాయి. మా అత్త ఆదెమ్మ మాత్రం, "మీ మామ సమాధి ఉన్నచోటే నా ప్రార్థన. ఆ ఘాటులోకి నేను రాను పో" అని పాత గుడికే వెళ్తోంది. అలా వంటింట్లోకి రెండో డబ్బా వచ్చింది.

ఎవరిది సరైన మాటో నాకు నిజంగానే తెలియడం లేదు. మౌనంగా ఉండమని ఆ వాక్యం రాసిన అపొస్తలుడు పౌలే, క్రీస్తులో పురుషుడనీ స్త్రీ అనీ లేదని కూడా రాశాడు. రెండింటి కిందా నేనే పెన్సిలుతో గీత గీసుకున్నాను. చీలిపోకముందు ఈ గొడవ నాలుగు సాయంత్రాలు మా వరండాలోనే జరిగింది. ఆడది పెద్ద కావచ్చన్నవాళ్లూ, కాకూడదన్నవాళ్లూ అంతా మగవాళ్లే. నేను టీ మరగబెడుతూ నా సంగతి విన్నాను. మూడోరోజు ఉండబట్టలేక గుమ్మంలోకొచ్చి, "ఒక మాటండీ" అన్నాను. మా ఆయన గ్లాసు చూపించి, "పంచదార తక్కువైంది" అన్నాడు. ఆడవాళ్ల పక్షాన గొంతు చించుకుంటున్న పెద్దమనిషి కూడా, "నాక్కూడా కొంచెం వెయ్యమ్మా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. అయినా వేశాను. ఎందుకు వేశానా అని ఇప్పటికీ నా మీద నాకే కోపం.

ఆ వారమంతా ఒక్క గుప్పెడునే రెండు డబ్బాల్లోకి సగం సగం జార్చాను. ఒకరోజు పరధ్యానంలో రెండు గుప్పెళ్లు తీసేశాను. మధ్యాహ్నం నాకు అన్నం చాలలేదు.

శనివారం పాత గుడి పాస్టరుగారి భార్య సంతోషకుమారిగారు ఫోను చేశారు.

"రెబెకమ్మా, మన గుడిలో మొదటి స్త్రీ పెద్దగా నీ పేరు రాసేశాం. ఆ గోదాము వాళ్ల నాయకుడి భార్యే మనవైపంటే వాళ్ల నోళ్లు మూతపడతాయి."

"నన్నడగలేదే అమ్మగారూ?"

"నువ్వు కాదంటావా ఏంటి!"

సంతోషపడాలో ఏడవాలో అర్థం కాలేదు. గోదాముకు వెళ్తే నోరు మూసుకోవడానికి ఒప్పుకున్నట్టు. గుడికి వెళ్తే నా ఇల్లు నేనే రెండు చేసుకున్నట్టు.

ఆదివారం పొద్దున మా అత్త ఆటోలో కూర్చుని, "రావే" అని పిలుస్తోంది. మా ఆయన బండి స్టార్ట్ చేసి, "ఎక్కు. నువ్వు రాకపోతే నలుగురిలో నా తలకాయ ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. నేను మెట్ల మీదే నిలబడి సంతోషకుమారిగారికి ఫోను చేసి, నా పేరు తీసేయమన్నాను.

"అదీ! ఇప్పటికి బుద్ధొచ్చింది." మా ఆయన మొహం చేటంతయింది.

"మీ గోదాము సంఘం పట్టీలో కూడా నా పేరు తీసేయండి. మీరూ నన్నడక్కుండానే రాశారుగా. నాకింకా ఏదీ తేలలేదు. తేలేదాకా నేనెక్కడికీ రాను. మీరైనా, వాళ్లైనా ముందు నన్నడగండి."

బండి ఆపేశాడు. అరుస్తాడనుకున్నాను. ఇరవై ఏళ్ల కాపురంలో నేనెప్పుడూ చూడని మొహంతో, నిజంగానే తెలియక, "ఏమని అడగాలి?" అన్నాడు.