స్థానికురాలు కట్టిన పళ్లు

ఈ దేశం నన్ను సూదీదారం కోసం పిలిచింది. అప్పట్లో ఇక్కడ చొక్కాలు తొడుక్కునేవాళ్లే తప్ప కుట్టేవాళ్లు లేరట. మా ఆయన్ని మరో దేశం నుంచి బస్సులు నడపడానికి రప్పించారు. మా అబ్బాయికి పెళ్లీడు వచ్చేసరికి ప్రభుత్వానికి నర్సుల కరువొచ్చింది, అలా ఇంకో దేశం నుంచి మా కోడలు దిగింది. ఈ దేశానికి ఎప్పుడు ఏ కొరత వచ్చిందో తెలుసుకోవడానికి చరిత్ర పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు, మా ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ చూస్తే చాలు.

మా మనవరాలికి ముక్కు నాది, నుదురు వాళ్ల తాతది, కళ్లు కోడలి తరఫువి. కోపం ఎవరిదంటే మాత్రం అందరం మాది కాదంటాం. ఇంట్లో దాన్ని పిడుగు అని పిలుస్తాం. ఇన్ని దేశాలు కలిసి తయారైన ఆ పిల్ల ప్రభుత్వం లెక్కలో స్థానికురాలు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, గర్వంగానూ ఉంటుంది.

పిడుగు పళ్లు కట్టే దుకాణంలో పని నేర్చుకుంటోంది. పళ్లు పీకడం డాక్టర్ల పని, ఊడినవాళ్లకు కొత్తవి తయారు చెయ్యడం వీళ్ల పని. దుకాణం మా వీధి చివరే, చెప్పుల కొట్టుకూ లాండ్రీకీ మధ్య ఇరుకు గది. కిటికీ పక్కన పొడవాటి బల్ల మీద ప్లాస్టర్ దవడలు నోళ్లు తెరుచుకుని వరసగా ఉంటాయి. ఎప్పుడు అటు వెళ్లినా కరిగిన మైనం వాసన వేసేది, అరగదీసే మిషను గోల పెట్టేది. ఆ గోలలోనే రెండు నవ్వులు వినిపించేవి. ఒకటి మా పిడుగుది, రెండోది దానికి పని నేర్పే పళ్లబ్బాయిది.

పళ్లబ్బాయి కూడా పిలిస్తే వచ్చినవాడే. దేశంలో ముసలివాళ్లు పెరిగారు, పళ్లు కట్టేవాళ్లు తగ్గారు, అందుకని రమ్మన్నారు. కానీ చట్టం మా రోజుల నాటిది కాదు. మమ్మల్ని ఒకసారి రానిచ్చి మా మానాన వదిలేశారు. ఇతనికి మాత్రం మెలిక పెట్టారు. ఊళ్లో ఆ పని చెయ్యగల స్థానికులు లేనంతకాలమే ఉండాలి, ఒక్కరు పరీక్ష ప్యాసైనా మూటాముల్లె సర్దుకోవాలి. ఆ పని నేర్చుకుంటున్న స్థానికురాలు మా ఊరు మొత్తానికి ఒక్కతే. మా పిడుగు.

ఈ సంగతి తెలిసీ నేర్పాడు. నేర్పనంటే అడిగే నాథుడు లేడు. పైగా మైనంలో పంటిని ఎంత వంపుతో నిలబెట్టాలో, చిగుళ్లకు ఎక్కడ ఒత్తుకుంటుందో, అన్నీ విడమరిచి చెప్పాడు.

వాళ్లిద్దరి వ్యవహారం ఇంట్లో అందరికీ తెలుసు. నేను ఒకసారి నిలదీశాను కూడా, మా పిల్లను చేసుకుంటే నీ మెలిక దానంతటదే ఊడిపోతుంది కదా అని.

"ఇక్కడ ఉండే కాగితం కోసం చేసుకున్నాడంటారు మామ్మగారూ," అన్నాడు. "ఊళ్లోవాళ్లు అంటే అననివ్వండి. రేపు కోపంలో తను అంటే?"

మా పిల్ల అలా అనదని చెబుదామని నోరు తెరిచి, ఎవరి గురించి మాట్లాడుతున్నానో గుర్తొచ్చి మూసేశాను.

పరీక్ష దగ్గరపడింది. నిజమైన నోటికి రెండు దవడల పళ్లూ కట్టి, అధికారి ముందు పెట్టి చూపించాలి. ఆ నోరు నాది. నా పాత సెట్టు ఎవరో పుణ్యాత్ముడు కట్టింది, నేనొకటి మాట్లాడితే అదొకటి మాట్లాడేది. ఓసారి తుమ్మితే ఎగిరి కోడలి టీ కప్పులో పడింది. అప్పటినుంచి ఆవిడ టీ తాగుతున్నప్పుడు నాకు ఎదురుగా కూర్చోదు.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం పిడుగు నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. దాని ముఖం చూస్తేనే ఏదో కొంప మునిగే ఆలోచన చేసిందని అర్థమైంది.

"నానమ్మా, రేపు నొప్పిగా ఉందని చెప్పు."

"ఎక్కడ?"

"ఎక్కడో ఒకచోట. కింద దవడ అను, ఒరుసుకుంటోందను. నేను పరీక్ష తప్పితే ఆయన ఉంటాడు."

సరేనన్నాను. అది అడిగితే నేను ఏదైనా సరేనంటాను. అది అటు వెళ్లిందో లేదో పళ్లబ్బాయి ఇటు వచ్చాడు, కొలత మరోసారి చూడాలనే వంకతో. కొలత చూడలేదు, కుర్చీ అంచున కూర్చున్నాడు. పిడుగు ఏం అడిగిందో తనకు తెలుసన్నాడు.

"ఉన్నదున్నట్టే చెప్పండి మామ్మగారూ. పళ్లు సరిగ్గా కుదిరాయి, నేను చూశాను. నా కోసం తను పని రానిదాన్ననిపించుకోవడం నాకు ఇష్టం లేదు."

"మరి నువ్వు వెళ్లిపోవాలిగా?"

"వెళ్తాను," అన్నాడు. కళ్లు మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

అతనికీ సరేనన్నాను. ఒకే నోటితో ఇద్దరికి మాటిచ్చి, ఆ నోట్లో పళ్లయినా లేకుండా కూర్చున్నాను.

మర్నాడు ఆఫీసులో పరీక్ష చేసే అధికారి సన్నగా, మర్యాదగా ఉన్నాడు. మాట్లాడుతుంటే అతని నోట్లోంచి టకటకమని చప్పుడు రావడం గమనించాను. పిడుగు చేతులు కడుక్కుని నా నోట్లో పళ్లు అమర్చింది. దాని వేళ్లు చల్లగా ఉన్నాయి. గోడ దగ్గర పళ్లబ్బాయి తను పోసిన ప్లాస్టర్ దవడ ఒకటి చేతిలో పట్టుకుని కుక్కిన పేనులా నిలబడ్డాడు. అధికారి నాకు ఒక ఆపిల్ పండు ఇచ్చి కొరకమన్నాడు.

నిజం చెప్పొద్దూ, అబద్ధమే ఆడదామని వచ్చాను. బుగ్గ పట్టుకుని అబ్బా అనడం కూడా ఇంటి దగ్గర అద్దంలో చూసుకున్నాను. కానీ కొరికాను. కరుక్కుమని ముక్క నోట్లోకొచ్చింది. ఎక్కడా కదల్లేదు, ఒత్తలేదు. ఎన్నేళ్ల తర్వాతో ఆపిల్ పండు నా నోటి మాట విన్నది.

నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో నాకూ ఇలాంటి పరీక్షే పెట్టారు. చొక్కా చెయ్యి కుట్టమన్నారు. ఒక అధికారి నా కుట్టును రెండు వైపులా పట్టుకుని గట్టిగా లాగాడు. ఊడలేదు. బాగుంది అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే పరాయి ఊళ్లో ఇన్నేళ్లు తలెత్తుకు తిరిగాను. ఆ మాట నా మనవరాలికి దక్కకుండా నా నోటితో నేనే చెయ్యడమా? నా వల్ల కాలేదు.

"బాగున్నాయి," అన్నాను. "నా సొంత పళ్లు కూడా ఇంత బాగుండేవి కావు."

అధికారి సంతకం పెట్టి, ప్యాసయ్యావని పిడుగుతో చెప్పాడు. తర్వాత పళ్లబ్బాయి వైపు తిరిగి, చట్టం ప్రకారం మూడు నెలల్లో దేశం వదలాలని చెప్పాడు. చెప్పడానికి పాపం అతనికీ ఇబ్బందిగానే ఉన్నట్టుంది. పిడుగు ముఖం కందగడ్డలా అయింది. నా వైపు ఎలా చూసిందంటే, ఆ పళ్లు అక్కడికక్కడే ఊడబెరికేస్తుందనుకున్నాను.

నేను ఇంకో ముక్క కొరికి, నమిలి, మింగి, పళ్లబ్బాయిని దగ్గరికి రమ్మన్నాను.

"నీ అనుమానం ఇవ్వాళ్టితో తీరిపోయిందయ్యా," అన్నాను. "కాగితమే కావాలనుకుంటే ఈ పిల్లకు పని నేర్పకుండా ఊరుకుంటే సరిపోయేది. నేర్పి నీ కాగితం నువ్వే చింపుకున్నావు. ఇంక ఎవడేమంటాడో నేనూ చూస్తాను."

పళ్లబ్బాయి చేతిలోని దవడను అటూ ఇటూ తిప్పాడు. అధికారి వెళ్లిపోవలసినవాడు వెళ్లకుండా కాగితాలు సర్దుతున్నట్టు నటిస్తున్నాడు.

"అడుగుతావా, నన్నే అడగమంటావా?" అంది పిడుగు.

"నన్ను చేసుకుంటావా?" అన్నాడు. "కోపంలో ఆ మాట అనవుగా?"

"అంటాను. అన్నప్పుడు నానమ్మని పిలువు. ఇప్పుడు పళ్లున్నాయిగా."

మేం బయటికి వస్తుంటే అధికారి వెనకే వచ్చి, పై అంతస్తులో స్థానికుల్ని పెళ్లాడినవాళ్లకు కాగితాలిచ్చే భార్యాభర్తల కిటికీ ఉందని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, దుకాణం ఏ వీధిలోనని అడిగాడు.

నెల తిరక్కుండా పెళ్లయింది. కాగితాల కోసం ఆ పై అంతస్తు కిటికీకి వెళ్లినప్పుడు నన్నూ వెంటబెట్టుకెళ్లారు. లోపలున్న అమ్మాయి తల ఎత్తకుండానే ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇతను దేశానికి ఏ పనికి అవసరమని అడిగింది.

"ఏ పనికీ అవసరం లేదు," అంది పిడుగు. "ఆ పని నాకొచ్చు."

"మరి ఎందుకుండాలి?"

"నాకు కావాలి కాబట్టి."

ఆ అమ్మాయి అప్పుడు తల ఎత్తి వాళ్లిద్దరినీ, వెనక కొత్త పళ్లన్నీ బయటపెట్టి నిలబడ్డ నన్నూ చూసింది. ముద్ర వేసింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నన్ను సూది కోసం రానిచ్చారు, మా ఆయన్ని బస్సు కోసం, కోడల్ని రోగుల కోసం. మా ఇంట్లో ఎందుకూ అవసరం లేకుండానే ఈ దేశం ఉండనిచ్చిన మొదటి మనిషి అతనే.