మెట్లు దిగే ఆమె

అడగని సాయం చేస్తానని వచ్చేవాళ్లను నేను గుమ్మంలోనే నిలబెడతాను. ఆ కాలేజీ పిల్లనూ అలాగే నిలబెట్టాను. భుజాన సంచీ, చేతిలో పెన్ను, మొహంలో బోలెడంత వినయం. అంత వినయం చూస్తే నాకు ముందు అనుమానమే పుడుతుంది.

"మా రచన క్లాసు నుంచి వచ్చానక్కా. ఈసారి పుస్తకాలు చూసి రాయకూడదట. ఒక్కొక్కళ్లం ఒక్కో ఇంటికెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడి రాయాలి. రాసింది మీ బిల్డింగు మీటింగులో చదువుతాం. ఓనరుగారు, మున్సిపాలిటీ ఇంజినీరుగారు కూడా వస్తారు" అంది.

ఓనరు పేరెత్తగానే నాకు కథంతా అర్థమైపోయింది.

మేముండేది నాలుగో అంతస్తు. లిఫ్టు పాడై చాలాకాలమైంది. దాని తలుపుకు అడ్డంగా కట్టిన తాడుమీద ఎవరో తువ్వాళ్లు కూడా ఆరేసుకుంటున్నారు. మోకాళ్లు అరిగిపోయిన మా అమ్మ అప్పటినుంచీ వీధి మొహం చూడలేదు. పక్క వాటాలో ఉండే రిటైరైన మాస్టారు, లిఫ్టు బాగుచేయించమని మెట్ల దగ్గర ఓనరును పట్టుకుని అడిగారు పాపం. "ఈ వయసులో మీకెందుకండీ ఈ అవస్థ? కింద వాటా ఎక్కడైనా చూసుకోండి" అని ఆ మహానుభావుడు ఎంతో ప్రేమగా ఖాళీ చేయించాడు. వాళ్ల మంచం మెట్లమీంచి దిగిపోవడం నా కళ్లారా చూశాను. అమ్మ మోకాళ్ల సంగతి మా గుమ్మం దాటకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఇప్పుడీ పిల్ల. ముసలివాళ్లెవరున్నారో కూపీ లాగి ఓనరుకు ఉప్పందించడానికి కాకపోతే, ఇంత ఎండలో నాలుగంతస్తులు ఎందుకెక్కుతుంది? నాది ఎదురుగానే టైలరు కొట్టు, లిఫ్టు పాడయ్యాకే పెట్టాను; మా వాటా కిటికీల్లోంచి కనపడదు. మొన్న ఈ పిల్ల పార్కింగులో ఓనరుతో మాట్లాడుతుంటే అక్కణ్ణుంచే చూశాను. ఓనరు నవ్వుతున్నాడు. ఆయన నవ్వాడంటే ఎవరికో మూడినట్టే.

వద్దని పంపేస్తే గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే. అందుకని లోపలికి పిలిచి, ఎవరిదో ప్యాంటు అంచు కుడుతూ అమ్మ పక్కనే కూర్చున్నాను. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిణ్ణి అడిగిన ప్రతిదానికీ జవాబు నేనే చెప్పాను.

"అమ్మమ్మగారు కిందికి దిగుతుంటారా?"

"దిగకేం? రోజూ పొద్దున్నే. ఆ మెట్లే ఆవిడకు మందు."

"లిఫ్టు లేక ఇబ్బందిగా..."

"ఉన్నప్పుడు మాత్రం ఎవరెక్కారులే! మా కొట్టుదాకా నడిచొచ్చి, బోర్డుమీద తన పేరు చూసుకుని మురిసిపోయి మరీ వెళ్తుంది."

అమ్మ నోరు తెరవబోయింది. చెయ్యి గిల్లాను. కుక్కిన పేనులా ఊరుకుంది. ఆ పిల్ల మాత్రం తలుపు దగ్గరున్న అమ్మ చెప్పులవైపు చూసింది. అవి కొత్తవి, అడుగున రవ్వంత మట్టి లేదు. కనిపెట్టేసిందేమోనన్న బెంగతో ఆ వారమంతా నాకు కుట్టు వంకరపోయింది.

ఆదివారం మళ్లీ వచ్చింది.

"చదివి వినిపించడానికక్కా. ఎవరి గురించి రాశామో వాళ్లింట్లో కూర్చుని, వాళ్లకే ముందు చదవాలని మా మేడం రూలు. వాళ్లు వద్దన్నది కొట్టేయాలి. సరేనంటేనే మీటింగుకు."

ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాను. సంతకం పెట్టించుకుంటుందేమోనని ఆ సంచీ మీదే కన్నేసి కూర్చున్నాను.

చదివింది. బాగా రాసింది, కాదనను. గోడమీద చెయ్యైనా వేయకుండా టకటకా మెట్లు దిగే పెద్దావిడ. వాచ్‌మన్‌ను పలకరించి, రోడ్డు దాటి, కూతురి కొట్టు ముందు ఆగి తలెత్తి తన పేరు చదువుకునే పెద్దావిడ. నేనే కాసేపు నమ్మేశాను.

అమ్మ కళ్లు మూసుకుని అంతా విన్నది.

"చక్కగా రాశావమ్మా. ఆ దిగేదెవరో గానీ, ఆవిణ్ణి ఒక్కసారి చూడాలనుంది" అంది.

నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు కోపమొస్తుంది.

"ముందిది చెప్పు. మొన్న ఓనరుతో నీకు మాటలేమిటి?" అని పిల్లమీద పడ్డాను.

"లిఫ్టు ఎప్పుడు బాగుచేయిస్తారని అడిగానక్కా. పైవాళ్లెవరికీ లిఫ్టు అక్కర్లేదు, అందరికీ మెట్లే ఇష్టం, కావాలంటే వాళ్లనే అడుగు అని నవ్వారు. మీరూ అదే చెప్పారు."

ఆయన చెప్పిన అబద్ధానికి అంచు కుట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది నేనన్నమాట.

"నిజం రాస్తే మమ్మల్నీ ఖాళీ చేయమంటాడు. మాస్టారిని చేయించలేదూ?" అన్నాను.

"అనొచ్చక్కా. అనరని నేను చెప్పలేను. కాకపోతే అక్కడ ఇంజినీరుగారూ వింటారు, బిల్డింగంతా వింటుంది."

అనరని ధైర్యం చెప్పి ఉంటే అప్పుడే బయటికి పంపేసేదాన్ని. మాస్టారు అడిగింది మెట్ల దగ్గర, ఒంటరిగా. తర్వాత ఆయనే చెప్పుకుంటే తెలిసింది తప్ప, అప్పుడు అది విన్నవాళ్లెవరూ లేరు. భయం పోలేదు.

"కొట్టెయ్. మొత్తం కొట్టెయ్. ఈసారి అమ్మనే అడుగు, నేను మాట్లాడను" అన్నాను.

పిల్ల పెన్ను తీసింది. ఒక్కో వాక్యం మీదా గీత పడుతుంటే అమ్మ ముందుకు వంగి చూస్తోంది. చివరి వాక్యం దగ్గరకు రాగానే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపి, నావైపు తిరిగింది.

"ఏమే, బోర్డుమీద నా పేరన్నావు. అదీ అబద్ధమేనా?"

"అది నిజమేనమ్మా. నువ్వు దిగొచ్చిన రోజు చూస్తావని నీకు చెప్పలేదు."

అమ్మ పిల్ల చెయ్యి వదిలింది.

"అయితే ఆ ముక్క ఉంచమ్మా. నేనింకా చూళ్లేదని మాత్రం రాయి."