ఇప్పచెట్టు కింద కౌజు గూడు

దగ్గరికి జరుగు బిడ్డా, పోయిన ఎండాకాలం సంగతి చెబుతాను. ఆ ఏడు పత్తి చేతికి రాలేదు. భూపాలపల్లి అడవిలో ఇప్పపువ్వు ఏరి అమ్మితేనే మా తోడికోడలు భద్రమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది. రాలిన పువ్వు బాగా కనబడాలని చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెట్టడం మాకు అలవాటు. తెల్లవారగానే ఆమె అగ్గిపుల్ల గీసింది. ఆ ఆకుల్లోనే ఒక కౌజుపిట్ట గుడ్ల మీద కదలకుండా కూర్చుని ఉంది. నేను పుల్ల ఊదేశాను.

"ఏందక్కా! దాని గుడ్లు నువ్వు జూస్తె, నా పిల్లలను ఎవరు జూడాలె?"

"పిల్లలకు పువ్వు గావాలె గని బూడిదెందుకే? చీపురు పట్టు."

"అడవంత ఊడుస్తవా? పిచ్చి లేసిందా నీకు?"

తిట్టుకుంటూనే ఊడ్చింది. గూడు చుట్టూ మూరెడు వదిలేశాం. ఊడ్చి ఏరేసరికి పొద్దు నెత్తికెక్కింది, గంప సగమే నిండింది. నాకూ గుబులైంది.

ఆ సాయంత్రం భద్రమ్మ ఒక్కతే వెళ్లి, ఊడ్చిన చోట పాత చీరలు పరిచి వచ్చింది. తెల్లారేసరికి రాత్రి రాలిన పువ్వంతా మట్టి అంటకుండా చీరల మీదే ఉంది. గంప నిండింది.

"పిట్ట జోలికి పోలేదక్కా, సూడు," అంది.

ఇది మరిచిపోకు బిడ్డా. ఎవరైనా అగ్గిపెట్టెతో అడవికి బయలుదేరితే, ఆపి ఈ మాట చెప్పు.