గువాహటిలో ఒక గుండె

గువాహటి ఎక్కడుందో తెలుసుకోవాల్సిన అవసరం ఆ మధ్యాహ్నం దాకా నాకు రాలేదు. ఈశాన్యంలో ఎక్కడో అని చిన్నప్పుడు మ్యాపులో చూసిన గుర్తు, అంతే. మా ఆయన రఘురామ్‌కి గుండె మార్చాలన్నారు. సోమాజిగూడ ఆసుపత్రిలో, ఐసీయూ బయట కుర్చీలో నెలన్నరగా కూర్చుంటున్నాను. దాతల కబురు చెప్పే సుకన్య వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది. కూర్చుందంటేనే నాకు భయం వేసింది.

"మేడం, సార్‌కు సరిపోయే గుండె ఒకటి ఉన్నదట. గానీ గువాహటిల ఉన్నది. డాక్టర్లు వద్దన్నరు."

"ఏంటి వద్దనేది? వాళ్లెవరమ్మా వద్దనడానికి?" ఫోన్ తీసి వెతికాను. "చూడు, విమానంలో మూడు గంటలు కూడా లేదు. బయటికి తీశాక నాలుగు గంటలు పనికొస్తుందని నువ్వే కదా చెప్పావు?"

"అది విమానం గాలిల ఉండే టైమే మేడం. అక్కడ ఆసుపత్రి నుంచి ఎయిర్‌పోర్టుకు రావాలె. శంషాబాద్‌ల దిగినంక ఇక్కడికి రావాలె. పోలీసులు ట్రాఫిక్ ఆపినా సుత టైమ్ పడ్తది. వచ్చినంక కుట్టేదానికే గంట. నాలుగు గంటలల్ల అది సార్ ఛాతీల కొట్టుకోవాలె."

వేళ్లు మడిచి మళ్లీ లెక్క వేశాను. ఎటు కూడినా దాటిపోతోంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మాకు దూరమే పూజారి అయి కూర్చుంది. అమీర్‌పేటలో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు అరిచి అరిచి చెప్పిన మనిషి ఇప్పుడు మంచినీళ్లు అడగడానికి ఆయాసపడుతున్నాడు. ఇక ఈయన నాకు దక్కడు అనిపించింది.

"మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది?"

"చెప్పలేం మేడం. దగ్గర్ల ఎవరికన్నా నెత్తికి దెబ్బ తగిలి..." సుకన్య ఆగిపోయి నా చెయ్యి పట్టుకుంది. "జర ధైర్యంగుండండి."

ఆ మాట సగంలో మింగేసింది కానీ, మిగతా సగం తెలియకపోవడానికి నేనేం పాలు తాగే పిల్లనా?

ఆయనకి ఉతికిన లుంగీలు తేవాలని ఆటో ఎక్కి అమీర్‌పేట బయల్దేరాను. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగాం. హెల్మెట్ లేనివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీ అమ్మకి చెప్పే వచ్చావా అని ఒకరిద్దరిని అక్కడే అడిగాను కూడా. ఆ రోజు మా పక్కన ఒక కుర్రాడు ఆగాడు. హెల్మెట్ బండి అద్దానికి తగిలించి ఉంది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని ఎవరితోనో నవ్వుతున్నాడు. ఎత్తూ లావూ మా ఆయనంతే ఉన్నాడు. ఇక్కడి నుంచి ఆసుపత్రికి ఐదు నిమిషాలు కూడా పట్టదు అనుకున్నాను.

అనుకున్నాక ఛీ అని నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా నా కళ్లు అతని ఛాతీ మీద నుంచి కదల్లేదు.

ఆటో అతను తల బయటికి పెట్టి, "అన్నా, గా హెల్మెట్ జర నెత్తికి పెట్టు. ఇంట్ల ఎదురుచూస్తుంటరు" అన్నాడు. కుర్రాడు సిగ్గుపడి ఫోన్ జేబులో పెట్టాడు, హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాడు. గ్రీన్ పడగానే వెళ్లిపోయాడు.

ఆ ఆటో అతని మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.