ఆశన్న మడిలో దిగిన విమానం

గాల్లో ఇంజన్ ఆగినా రాజేశ్వర్ నోరు మాత్రం ఆగలేదు. రెండు సీట్ల ఆ చిన్న విమానం ఆయనదే. బాన్సువాడ దగ్గర కొన్న భూమిని పైనుంచి చూసుకుని మురిసిపోదామని ఎక్కాడు. నడిపేది పల్లవి. ఆయన దగ్గర జీతానికి చేరి ఇంకా ఏడాది నిండలేదు.

పల్లవి ఇంజన్‌ను మళ్లీ తిప్పి చూసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అయినా చేతులకు పని తెలుసు. విమానం ముక్కు కాస్త దించి గాలి మీద తేల్చింది. ఎక్కడున్నారో, ఏమైందో రేడియోలో చెప్పేసింది.

"గా రోడ్డు మీద దించు! సీదా ఉన్నది, ఖాళీగ ఉన్నది," అన్నాడు రాజేశ్వర్.

రోడ్డు నిజంగానే సూటిగా ఉంది. ఒక పక్కంతా వడ్ల కుప్పలు, వాటి మీద నీలం పరదాలు. మనిషి జాడ లేదు. కానీ పల్లవి పుట్టింది ఈ చుట్టుపక్కలే, వర్ని దగ్గరి పల్లెలో. యాసంగి కోతలయ్యాక వడ్లు రోడ్డు మీద ఎండబోస్తే, ఎండపూట పరదా కింద దూరి కునుకు తీసిన పిల్లే ఆమె కూడా.

"కుప్పలున్న కాడ మనుషులుంటరు సార్. పరదాల కింద పండుకుంటరు."

"ఎవ్వరు లేరు! మడిల దించితే ఒడ్డు తగిలి బండి తుక్కైతది. ఓనర్ను నేను చెప్తున్న!"

"కింద మీరే ఓనర్. పైన జిమ్మేదారి నాది."

అనేశాక తెలిసింది, ఉద్యోగం ఊడినట్టేనని. అయినా రోడ్డు వైపు చూడలేదు. దూరంగా ఎవరో కాల్చిన వరి కొయ్యకాళ్ల పొగ తూర్పుకు వాలుతోంది. విమానాన్ని గాలికి ఎదురు తిప్పి, కోత అయిపోయిన పొడవాటి మడిని ఎంచుకుంది. పెట్రోలు కట్టేసి, బెల్టు బిగించుకోమంది. విమానం కొయ్యకాళ్లను గీరుకుంటూ పోయింది. చివరి ఒడ్డుకు తగిలి ముందు చక్రం విరిగింది. ఇద్దరికీ గీత కూడా పడలేదు.

అప్పుడు రోడ్డు మీద పరదాలు కదిలాయి. ఒక్కొక్కదాని కింది నుంచి ఆడవాళ్లు కళ్లు నులుముకుంటూ లేచారు.

మడి రైతు ఆశన్న ట్రాక్టర్ మీద వచ్చాడు. రాజేశ్వర్ ఆయన్ని పట్టుకున్నాడు. "పోలీసులు రాకముందే గుంజి లారీ ఎక్కిద్దాం. ఏం కాలేదందాం. లేకుంటే ముందు పొయ్యేది గీ పిల్ల లైసెన్సే!"

"ముట్టకే అన్నా," అంది పల్లవి. "ఆఫీసర్లు వచ్చి చూసేదాక గిట్లనే ఉండాలె. ఇంజన్ ఎందుకాగిందో తెల్వకుంటే ఇంకోసారి ఎవరి నెత్తినో పడ్తది."

"ఉండనీ బిడ్డా. నా మడి యాడికి పోతది," అని ఆశన్న ట్రాక్టర్ దిగేశాడు.

ఈలోగా ఆయన భార్య పోసవ్వ చంకలో పసిపిల్లతో వచ్చింది. వచ్చీరాగానే రాజేశ్వర్ చెయ్యి పట్టుకుంది. "సల్లగుండు అయ్యా! రోడ్డు మీదికి రానియ్యలే మీరు. గీ మనుమరాలు గాడ్నే పండుకున్నది."

రాజేశ్వర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ పిల్ల నోట్లో వేలు పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

కాసేపటికి ఎస్సై వచ్చాడు. చుట్టూ చూసి, "ఇక్కడ దించింది ఎవరు?" అన్నాడు.

"నేనే సార్." పల్లవి ముందుకొచ్చింది.

"రాసుకోండి సార్," అన్నాడు రాజేశ్వర్. "నేను రోడ్డు మీద దించుమన్న. ఈమె ఇనలే. ఇనకనే గా పసిదాని పానం దక్కింది."