ఉప్పు తాళం

రాజ్యలక్ష్మమ్మ పాదం మీద నాగక్క బొటనవేలు నొక్కిన చోట గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు.

నాగక్క వంగి చూసింది. రోజూ పొద్దున్నే వంటింట్లోకి పోకముందు ముసలామె కాళ్ళకు కొబ్బరినూనె రాయడం ఆమెకు అలవాటు. నిన్న చీలమండ ఎముక కొంచెమైనా కనిపించింది. ఈ రోజు చీలమండే లేదు. మోకాలి కింది నుంచి వేళ్ళ దాకా కాలంతా ఒకే లావుగా ఉంది. చర్మం సాగి, నూనె రాయకముందే మెరుస్తోంది. పిక్క మీద నొక్కి చూసింది. అక్కడా గుంటే.

ఆ గుంట ఆమెకు కొత్త కాదు. మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసి వచ్చిన మొగుడు నాగన్న కాళ్ళ మీద చివరి రోజుల్లో ఇట్లాంటివే చూసింది. అవి తొడల దాకా ఎక్కాక అతను ఎక్కువ కాలం లేడు.

"ఏమే, కాలు పిసుకుతాండావా, రొట్టెపిండి కలుపుతాండావా?" దిండ్లకు ఆనుకుని కూర్చున్న రాజ్యలక్ష్మమ్మ అడిగింది. ఆ నాలుగు మాటలకే రెండుసార్లు ఆగి గాలి పీల్చుకుంది.

"కాళ్ళు బరువుగా ఉండాయామ్మా?"

"ఉండవా మరి? చప్పిడి కూడు తిని తిని తలకాయ తేలికైపాయ. బరువంతా కిందికి దిగింది."

నాగక్క నవ్వలేకపోయింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నడుముకు పోయింది. కొంగు కింద, మొలతాడుకు కట్టిన చిన్న ఇత్తడి తాళంచెవి చేతికి తగిలింది. ఉంది. ఎక్కడికీ పోలేదు.

ఆ ఇంట్లో ఉప్పుకు తాళం ఉంది. సంక్రాంతి దాటాక రాజ్యలక్ష్మమ్మ గుండె బలహీనపడిందని తేలిన రోజున డాక్టరు గట్టిగా చెప్పాడు: నీళ్ళు కొలిచి ఇవ్వాలి, ఉప్పు ముట్టకూడదు. ఆ వారంలోనే ఆమె గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచి, ఊరగాయ జాడీలో చెయ్యి పెట్టి దొరికిపోయింది. భర్త కేశవయ్య అదే రోజు జాడీలన్నీ బండికెత్తించి తన కిరాణా అంగడి గోదాముకు పంపాడు. అప్పడాలు, వడియాలు కూడా పోయాయి. మిగిలిన ఉప్పును స్టీలు డబ్బాలో పోసి, డబ్బాకు గొళ్ళెం పెట్టించి, తాళంచెవి నాగక్క చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ఇంటిల్లిపాదికీ వంట ఉప్పు లేకుండానే జరుగుతుంది. నాగక్క ముందు పెద్దామె వాటా తీసి పక్కన పెడుతుంది. తర్వాత తాళం తీసి మిగతావాళ్ళ గిన్నెల్లో ఉప్పు వేస్తుంది. దోశెల పిండిలో కూడా అంతే.

మరి ఈ నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

పది దాటాక డాక్టరు వచ్చాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. ఇంజెక్షన్ ఇచ్చి వరండాలోకి వచ్చాక గొంతు తగ్గించాడు.

"ఊపిరితిత్తుల్లోకి కూడా నీరు దిగింది. మందులు సరిగానే వేసుకుంటున్నారు. అయినా ఉప్పు లోపలికి పోతోంది. ఒకరోజు రెండురోజుల సంగతి కాదిది. రేపు తెల్లవారగానే తిరుపతికి తీసుకుపోండి. ఈలోగా మళ్ళీ ఉప్పు పడిందంటే నా చేతుల్లో ఏమీ లేదు."

"ఉప్పు యాడిది డాక్టరు గారూ?" కేశవయ్య నిజంగా బిత్తరపోయాడు. డెబ్బై దాటిన మనిషి. భుజం మీది తువ్వాలును రెండు చేతులతో పిండుతున్నాడు. "మా ఇంట్లో దానికి తాళమేసి ఉండాదే!"

అప్పుడు అందరి చూపులూ ఒకేచోటికి వచ్చాయి. కొడుకు వాసుదేవ్ చూసి వెంటనే తల తిప్పుకున్నాడు. కోడలు పద్మప్రియ తిప్పుకోలేదు. ఆమె చూపు నాగక్క నడుము మీదే నిలిచింది.

నాగక్క వంటింట్లోకి వచ్చి కందిపప్పు కడగడం మొదలుపెట్టింది. కమలాపురం దగ్గరి పల్లె నుంచి ఒంటి మనిషిగా కడపకు వచ్చి ఈ ఇంటి వంటింట్లో అడుగుపెట్టినప్పుడు ఆమె జుట్టు నల్లగా ఉండేది. పెరట్లో స్నానం చేసి, ఇక్కడే ఆరేసిన చీర కట్టుకుని లోపలికి పోవాలని రాజ్యలక్ష్మమ్మే నేర్పింది. పప్పులో తిరగమోత ఎప్పుడు పడాలో ఆమే నేర్పింది. కోపమొస్తే గరిటె విసిరేది. మరుక్షణం ఆ గరిటె తనే తీసిచ్చేది. ఈ గది కాక నాగక్కకు లోకంలో ఉన్నది చిన్నచౌకులో ఒక రేకుల గది, అందులో ఒక ట్రంకుపెట్టె.

వెనక ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది.

"చీజు మళ్ళా తగ్గింది నాగక్కా," అంది పద్మప్రియ. "మా పాప శ్రీవాసవి ఎంసెట్ కోచింగనీ ఇంటి పట్టునే ఉండదు. నేను ముట్టలేదు. ఎవరు తింటాండారు?"

"నాకేం తెలుసమ్మా! దాని వాసన నాకు పడదు, నీకు తెలీదా?"

పద్మప్రియ పాకెట్టును అటూ ఇటూ తిప్పి చూసి లోపల పెట్టేసింది. ఆమె మనసు దాని మీద లేదు.

పెద్దామె మంచాన పడకముందు ఆ చీజు ఇంట్లోకి రావడమే ఒక యుద్ధం. టీవీలో వంటల కార్యక్రమం చూసి పద్మప్రియే తెచ్చింది. మొదట ముసలామె ముక్కు మూసుకుంది, గడప దాటనివ్వనంది. "గట్టిపడిన పాలు అత్తమ్మా, అంతే" అని కోడలు వారం రోజులు నచ్చజెప్పింది. తర్వాత ఆదివారం సాయంత్రాలు పద్మప్రియవే అయ్యాయి. వేడి జొన్నరొట్టె మీద చీజు తురిమి మడిచేది. బ్రెడ్డు మధ్య ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ముక్కలతో పెట్టి పెనం మీద కాల్చేది. అన్నింటికీ మించి కారం దోశె. దోశె మీద వెల్లుల్లి ఎర్రకారం పూసి, పైన చీజు బిళ్ళ పరిచి మూత పెడితే, అది కరిగి కారంలో కలిసి అంచుల్లో కరకరలాడేది. అది తిన్న రోజున రాజ్యలక్ష్మమ్మ వేళ్ళు నాక్కుంటూ, "ఈ పిల్ల ఇన్నాళ్ళకు ఒక పని నేర్చుకునింది" అంది. పద్మప్రియ ముఖం వెలిగి, మరుక్షణం ఆరిపోయింది.

పప్పు నీళ్ళు వంచుతున్న నాగక్క చెయ్యి ఆగింది. ఇద్దరి మధ్యా మాటలు ఎప్పుడూ ముళ్ళ మీది బట్టలే. అత్త మంచాన పడ్డాక పెత్తనమంతా కోడలిది. ఈ పిల్లే గాని... బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల నాగక్క చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"తాళంచెవి ఇట్లియ్యి," అంది పద్మప్రియ.

నాగక్క తిరిగి చూసింది.

"నిన్ను అనుమానించేది కాదు. నీకు జాలి ఎక్కువ. ఆమె ఏడిస్తే నువ్వు ఓర్చుకోలేవు. రేపు తిరుపతికి పోయేదాకా అత్తమ్మను నేనే చూసుకుంటా. నువ్వు ఇంటికి పో."

"అనుమానం కాకపోతే ఏందమ్మా ఇది? దీనికి ఇంకో పేరుండాదా?"

పద్మప్రియ చెయ్యి చాచింది. ఆమె కళ్ళలో కోపం లేదు, భయం ఉంది. ఆ భయం దేనికో నాగక్కకు అంతుపట్టలేదు. మొలతాడు ముడి విప్పడానికి గోళ్ళు చాలక, చివరికి పళ్ళతో లాగి, తాళంచెవి గట్టు మీద పెట్టింది.

వంటింటి చీర మడిచి సంచిలో పెట్టుకుని పెద్దామె గదిలోకి పోయింది. అప్పటికే పద్మప్రియ తన చేత్తోనే చప్పిడి పప్పన్నం తినిపించి, కారు మాట్లాడడానికీ, కూతుర్ని తీసుకురావడానికీ బయలుదేరింది. వాసుదేవ్ అంగట్లో ఉన్నాడు. కేశవయ్య వరండాలో పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"సంచి పట్టుకోని యాడికే?" అంది రాజ్యలక్ష్మమ్మ.

"రేపు మీరు తిరుపతికి పోతాండారు కదమ్మా. ఈడ నాకేం పని?"

"తిరుపతిలో కూడా చప్పిడేనా?"

"చప్పిడే."

"అయితే ఆస్పత్రికొద్దు, కొండ మీదికి తోలుకోని పొమ్మను. పులిహోరన్నా పెడతారు." నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక నాగక్క మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "పద్మ ఏమన్నా అనిందా? అననీలే. నా గురించి దిగులు పడొద్దు. మధ్యాన్నం పూట నాకేం కొరత లేదు."

నాగక్క కళ్ళు తుడుచుకుని బయటపడింది.

వీధిలో మనిషి లేడు. అంగళ్ళ షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. తారు చెప్పులకు అంటుకుంటోంది. మలుపులో ఒక షట్టరు నీడన కూలబడి గంటసేపు అట్లాగే కూర్చుంది. ఇంటికి పోదామని లేచేసరికి పెద్దామె మాట గుర్తొచ్చింది.

మధ్యాన్నం పూట కొరత లేదంటే ఏమిటి?

మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరుంటారు? తను వంట ముగించి ఇంటికి పోతుంది, మళ్ళీ నాలుగింటికి వస్తుంది. పద్మప్రియ వై.వి. స్ట్రీట్‌లో తన ఫ్యాన్సీ షాపుకు పోతుంది. పిల్ల కోచింగులో, వాసుదేవ్ అంగట్లో ఉంటారు. భోజనానికి వచ్చిన పెద్దాయన నిద్రపోతాడు. ఆ ఇంట్లో మగవాళ్ళు వంటింటి గడప తొక్కరు. మంచినీళ్ళు కూడా ఎవరో ఒకరు తెచ్చివ్వాల్సిందే. అంటే తలుపులు వేసి ఉన్న ఇంట్లో, అందరూ నిద్రపోయే వేళ, ఎవరో వస్తున్నారు. ముసలామెకు ఏదో పెడుతున్నారు. ఆమె నోరు మూసుకుని తింటోంది. ఇప్పుడు కూడా అక్కడ కాపలాకు ఎవరూ లేరు.

నాగక్క వెనక్కి తిరిగి పరుగెత్తింది.

పెరటి సందులో తలుపు గడియ బయటినుంచి వేలు దూర్చి తీయడం ఆమెకు తెలుసు. చప్పుడు కాకుండా తీసింది. పెరట్లో అడుగు పెట్టగానే వాసన కొట్టింది. వెల్లుల్లి కారం, కాలిన పాలు. వంటింట్లో నీలం మంట సన్నగా వెలుగుతోంది. మనిషి జాడ లేదు. కరెంటు పోయి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పెనం మీద దోశె, దాని మీద ఎర్రటి కారం, కారం మీద కరిగి బుడగలు కడుతున్న పసుపుపచ్చ పొర. అంచు నల్లబడుతోంది.

స్టవ్ ఆర్పేసింది. ఉప్పు డబ్బా వైపు చూసింది. తాళం వేసినట్టే ఉంది. రోట్లో ముద్దకారం మిగిలి ఉంది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. మంట, వెల్లుల్లి. ఉప్పు లేదు. గిన్నెలోని పిండి రుచి చూసింది. చప్పగా ఉంది. మరి ఏది? అట్లకాడ చివర చీజు తీగ వేలాడుతోంది. ఎన్నో ఆదివారాలు ముక్కు పక్కకు తిప్పుకుని దాన్ని తురిమింది గాని, ఒక్కసారి కూడా నోట్లో వేసుకోలేదు. కళ్ళు మూసుకుని వేసుకుంది.

నాలుక చురుక్కుమంది. ఉప్పు.

తాళం వేసిన డబ్బా ఒకవైపు, ఫ్రిజ్ ఇంకోవైపు ఉన్నాయి. ఇన్నాళ్ళు తను దేనికి కాపలా కాసింది? అవతలి గదిలోంచి మెల్లగా, ఆగి ఆగి ఒక గొంతు వినిపిస్తోంది. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి తలుపు తోసింది.

మంచం మీద కేశవయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. రాజ్యలక్ష్మమ్మ తల ఆయన ఛాతీ మీద ఉంది. ఒళ్ళో స్టీలు పళ్ళెం ఉంది. అందులో సగం కొరికిన దోశె ముక్క. ఆయన ఒక చేత్తో విసనకర్ర విసురుతూ, రెండో చేత్తో తువ్వాలు కొనతో ఆమె పెదాల చుట్టూ కారం తుడుస్తున్నాడు. ఆయన వేళ్ళ మీద కాలిన బొబ్బలున్నాయి.

నాగక్కను చూసి ఉలిక్కిపడలేదు. చప్పుడు చేయొద్దని సైగ చేశాడు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ముసలామె ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంచింది. విసనకర్ర గాలి తగిలింది. ఇంకే గాలీ తగల్లేదు. మణికట్టు పట్టుకుని చూసింది. చెయ్యి బరువుగా ఆమె అరచేతిలో ఒదిగిపోయింది.

"అయ్యా..." అంది.

"గట్టిగా మాట్లాడొద్దు నాగక్కా, ఇప్పుడే నిద్ర పట్టింది. పద్మతో చెప్పొద్దు. నేనే చేస్తాండా. చప్పిడి కూడు ముందర పెట్టుకోని చిన్నపిల్ల మాదిరి ఏడుస్తాంటే యాడ చూసేది? పెండ్లయిన కాడ్నుంచి నాకు వండి పెట్టిన మనిషి. ఆదివారాలు పద్మ చేస్తాంటే గడప ఇవతల కూచోని చూసి నేర్చుకుంటి. మొదటి రోజు మాడ్చినా. నవ్వింది, మాడిందే తినింది. ఉప్పు మాత్రం రవ్వ కూడా ముట్టలేదు, దేవునిసాక్షి. కారం నా చేతుల్తో నూరినా, పైన ఆ పాలబిళ్ళ వేసినా, అంతే. పాలల్లో ఉప్పేముంటాది? ఒక్కపొద్దు ఉన్నోళ్ళం కూడా పాలు, పెరుగు తింటాం కదా! ఈరోజు ఒకటి తినింది, రెండోది సగం తిని, శానా బాగుండాదనింది. ఇంకొకటి పెనం మీద పెట్టి వచ్చినా. ఆ పెనం కడగొద్దు నాగక్కా. లేస్తూనే అడుగుతాది."