మేనత్త కొరికిన బెరడు

బ్రిస్బేన్ శివార్లలో వీధి చెట్లు కొడితే, కొమ్మలు పొట్టు చేసే మిషన్లోకి పోతాయి. ఊరందరికీ అది చెత్త. టోంగా దీవుల నుంచి వచ్చిన లోసేలికి మాత్రం కాగితం. రోడ్ల పక్కన కలుపులా మొలిచే మల్బరీ కొమ్మల బెరడు ఒలిచి, ఉడకబెట్టి, మెత్తగా దంచి, జల్లెడ మీద పరిచి ఎండబెట్టేది. చర్చిలో పాటల కాగితాలు ఆమెవే. పాట ఎత్తుకునే గొంతూ ఆమెదే.

కొమ్మలు తెచ్చేది ఫిలిమోనే అనే ఆమె తమ్ముడి కొడుకు. చెట్లు కొట్టే కాంట్రాక్టరు దగ్గర కూలీ. ఒకరోజు పొద్దున్నే అత్త ఇంట్లో ఒక మోపు దించి పనికి పోయాడు. మధ్యాహ్నం మేస్త్రీ మాటల మధ్య చెప్పాడు, పొద్దున మోపు కొట్టిన చెట్లు మళ్ళీ చిగురించకుండా కిందటి వారమే విషపు మందు ఎక్కించారని. బోర్డు పెట్టలేదేమని అడిగితే నవ్వాడు. ఎందుకు పెడతారు? చెత్తతో బతికేవాళ్ళు పెద్దమనుషుల కంటికి ఆనరు కదా.

ఫిలిమోనే పరుగున వచ్చాడు. పెరట్లో చర్చి ఆడవాళ్ళంతా చేరి ఉన్నారు. లోసేలి తన తల్లి నేర్పినట్టే బెరడు కొసను పళ్ళతో కొరికి పట్టి, లోపలి తెల్లపొర లాగుతోంది.

టోంగా జనంలో మేనత్త తండ్రికన్నా ఎక్కువ. నలుగురిలో ఆమె పనికి అడ్డు చెప్పడం మహాపచారం.

"అత్తా, ఒకసారి లోపలికి రా, టీ తాగుదువుగాని" అన్నాడు.

"పని ఎగ్గొట్టి టీ కాయడానికొచ్చావా? మీ మేస్త్రీ నిన్ను అల్లుణ్ణి చేసుకున్నాడేంట్రా?"

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. వాడూ నవ్వి తల వంచుకు నిలబడ్డాడు. మోపు ఖాళీ అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

సాయంత్రానికి ఆమె నోరు పొక్కింది. తెల్లారేసరికి గొంతు పూడుకుపోయింది. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది గానీ, గొంతు దక్కలేదు. ఆదివారం చర్చిలో పాట ఎవరెత్తాలో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

ఫిలిమోనే మంచం పక్కన కూలబడి ఉన్నదంతా చెప్పేశాడు. నీ మర్యాద పోతుందని ఆగానన్నాడు. ఆమె గాలి మాత్రమే మిగిలిన గొంతుతో అంది:

"మందు ఎక్కించినవాడు చెప్పలేదు. వాడికి నేనెవర్ని? నువ్వూ చెప్పలేదు. నీకు నేను అత్తని. 'ఉమ్మెయ్ అత్తా' అని అరిచుంటే నిన్ను నాలుగు తిట్టేదాన్ని, ఆదివారం పాడేదాన్ని. మనిషికి ఆపదని తెలిసీ నోరు మూసుకుంటే, అది మర్యాద కాదురా నాయనా."